పైన మానిన పుండు



గత ఆదివారం ప్రసంగం మధ్యలో మా పిల్లి మందిరంలోకి నడిచి వచ్చి స్త్రీల చాపల పక్కన దర్జాగా కూర్చోవడం మీలో చాలామంది చూశారు. భుజం మీద వెంట్రుకలు లేవు, మెడ చుట్టూ అట్టముక్క. పిల్లలు నవ్వారు. ఆరాధన ముగిశాక, "అయ్యగారూ, పిల్లికి ఏమైంది?" అని పదిమందైనా అడిగారు. అందరికీ ఒకేసారి ఇక్కడ జవాబు రాస్తున్నాం. ఈ జవాబులో పిల్లి సంగతి సగమే. మిగతా సగం మా సంగతి.

మా ఇంట్లో పిల్లి ఎందుకుందో పాతవారికి తెలుసు. ప్రతి నెలా మీరు తెచ్చే పిడికెడు బియ్యం కానుకను వెనుక గదిలో బస్తాల్లో ఉంచుతాం. రెండేళ్ళ క్రితం ఎలుకలు రెండు బస్తాలు కొట్టేశాయి. అప్పుడు ఒక సహోదరి తన ఇంట్లో పుట్టిన మగపిల్లను తెచ్చిచ్చింది. కనబడిన ప్రతి పిల్లితోనూ పోట్లాడుతుంది గనుక మా పిల్లలు దానికి సంసోను అని పేరు పెట్టారు.

సుమారు నాలుగు వారాల క్రితం ఒక రాత్రి గోడమీద గట్టి పోట్లాట విన్నాం. తెల్లవారి చూస్తే సంసోను ఎడమ భుజం మీద చిన్న పంటి గాటు. బియ్యపుగింజంత కూడా లేదు. మా శ్రీమతి కాస్త పసుపు అద్దింది. మూడో రోజుకు అక్కడ వాచి, నాలుగో రోజు వాపు చితికి చీము కారింది. వేడినీళ్ళతో తుడిచి మళ్ళీ పసుపు పెట్టాం. పసుపు, చీము, వెంట్రుకలు కలిసి పైన గట్టిగా అట్టు కట్టింది. వాపు తగ్గినట్టే ఉంది. "పుండు మానింది, ప్రభువుకు స్తోత్రం" అన్నాం. కుటుంబ ప్రార్థనలో మా చిన్నమ్మాయి పిల్లి కోసం కృతజ్ఞత కూడా చెల్లించింది.

రెండు రోజుల తరువాత ఇంట్లో ఒక వాసన మొదలైంది. చచ్చిన ఎలుక అనుకుని బియ్యం గదంతా వెదికాం. సంసోను మంచం కిందనుంచి బయటికి రావడం మానేసింది. పాలు ముట్టలేదు. భుజాన్ని మాత్రం నాకుతూనే ఉంది. వర్షాకాలం, చలికి ముడుచుకుంది అనుకున్నాం.

బుధవారం ఉదయం మన సంఘంలో గొర్రెలు కాసే పెద్దాయన ప్రార్థన చేయించుకోవడానికి వచ్చారు. గడప దగ్గరే ఆగిపోయి, "అయ్యగారూ, ఇంట్లో ఏదో జీవానికి పురుగులు పడ్డాయి" అన్నారు. మేము నమ్మలేదు. పిల్లిని బయటికి తెచ్చి, ఇదిగో మానిపోయింది చూడండి అని చూపించాం. ఆయన వేలితో ఆ పసుపు అట్టు అంచును మెల్లగా ఎత్తారు. కింద పెన్సిలు మొన పట్టేంత రంధ్రం. దాని లోపల తెల్లగా కదలిక.

"పైన మానింది అయ్యగారూ, లోపల మానలేదు" అన్నారు.

మా కడుపులో తిప్పింది. మా చెయ్యి దాని భుజం మీద ఆనిస్తే చర్మం కింద కదలడం తెలిసింది. రోజుకు రెండుసార్లు దాని తల నిమిరాం. ఒక్కసారి కూడా ఆ అట్టు ఎత్తి చూడలేదు.

కాసేపటికి ఇరుగుపొరుగు చేరారు. కిరోసిన్ పోయమన్నారు ఒకరు. ఫినాయిల్ అన్నారు ఇంకొకరు. కలరా ఉండ నూరి కూరమన్నారు మరొకరు. పెద్దాయన తన గొర్రెలకు వాడే మందు ఇస్తానన్నారు. ముందు మండల కేంద్రంలోని పశువుల డాక్టరు గారికి ఫోన్ చేశాం. ఆయన గట్టిగా హెచ్చరించారు: "అవేవీ పిల్లికి పెట్టకండి. పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది. మీరు పైన పోసింది దాని కడుపులోకే పోతుంది. ఫినాయిల్ లాంటి మందులను విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. పురుగులకంటే ముందు పిల్లి పోతుంది. నొప్పి అని పారాసెటమాల్ కూడా వెయ్యకండి, అది పిల్లికి విషం. వెంటనే తీసుకురండి."

గంపలో పాత దుప్పటి పరిచి, పైన ఇంకో గంప బోర్లించి కట్టి, ఆటోలో తీసుకెళ్ళాం. డాక్టరు గారు మత్తు సూది వేసి, భుజం మీద వెంట్రుకలన్నీ కత్తిరించారు. మా పెద్దబ్బాయి, "నాన్నా, సంసోనుకు జుట్టు తీసేశారు" అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది.

ఆ తరువాత నవ్వు రాలేదు. బయటికి బఠాణీ గింజంత కనబడిన పుండు, చర్మం కింద అరచేతిలో సగం మేర విస్తరించి ఉంది. ఉప్పునీటి సెలైను సిరంజితో చిమ్ముతూ పట్టకారుతో ఒక్కొక్క పురుగునూ తీశారు. నలిపితే ముక్క లోపల ఉండిపోతుందని నిదానంగా లాగారు. ఇరవై మూడు లెక్కపెట్టి మేము ఆపేశాం.

తీస్తూనే ఆయన వివరించారు. చీము వాసనకు ఈగ వచ్చి పుండు అంచున, తడిసిన వెంట్రుకల్లో గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే అవి పిల్లలవుతాయి. కొన్ని జాతుల పురుగులు కుళ్ళిన కండనే కాదు, బ్రతికున్న కండను కూడా తింటాయి. తల లోపలికి పెట్టి, ఊపిరి తీసుకునే తోకభాగం పైకి ఉంచి దిగుతూ పోతాయి. సుమారు వారం తిని, మట్టిలో రాలి మళ్ళీ ఈగలవుతాయి. పిల్లి పంటిగాటు పైన తొందరగా మూసుకుంటుంది, లోపల చీము ఉండిపోతుంది, అందుకే దాన్ని చిన్న గాయం అనుకోకూడదని చెప్పారు.

పిల్లిని తూకం వేసి ఆ బరువుకు తగ్గట్టు సూదులు వేశారు. గొర్రెకు వేసే లెక్క పిల్లికి పనికిరాదట. పుండును కుట్టలేదు. "కుట్టండి, తెరిచి ఉంటే చూడలేకపోతున్నాం" అన్నాం మేము. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు మూస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. లోపలినుంచి మానుకుంటూ రావాలి. ఎల్లుండి తీసుకురండి. ఒక్కసారితో అన్నీ రావు."

ఎల్లుండి అంటే శుక్రవారం, ఉపవాస ప్రార్థన. ఆ రోజు మరో నాలుగు పురుగులు వచ్చాయి. మేము గంటన్నర ఆలస్యంగా కూడికకు చేరాం. పిల్లి కోసం దేవుని సన్నిధి ఆలస్యమా అని కొందరు నొచ్చుకున్నారని తెలుసు. నీతిమంతుడు తన పశువు ప్రాణం గురించి పట్టించుకుంటాడని సామెతలు 12వ అధ్యాయంలో చదువుతాం. అయినా మిమ్మల్ని వేచి ఉంచినందుకు క్షమించండి.

ఇంట్లో జీవాలున్నవారికి ఒక మాట. దుర్వాసన, ఒకేచోట అదేపనిగా నాకడం, తడిసి అంటుకున్న వెంట్రుకలు, మేత మానడం కనబడితే పుండును తెరిచి చూడండి. మన సంఘంలో షుగరు ఉన్న పెద్దలకు కూడా చెబుతున్నాం. మీ కాలికి స్పర్శ తగ్గితే గాయం నొప్పి తెలియదు. కట్టు కట్టామని వదిలేయకండి, రోజూ విప్పి చూపించుకోండి. మనుషుల పుండ్లలోనూ ఈగ గుడ్లు పెడుతుంది.

ఇక మా సంగతి.

ఆ శుక్రవారం రాత్రి మాకు నిద్ర పట్టలేదు. యిర్మీయా 6వ అధ్యాయం 14వ వచనం మమ్మల్ని వదల్లేదు. జనుల గాయాన్ని పైపైన బాగుచేసి, నెమ్మది లేనిచోట నెమ్మది ఉందని చెప్పిన ప్రవక్తల గురించి, యాజకుల గురించి ప్రభువు బాధపడుతున్న మాట అది. ఎన్నోసార్లు ఇతరుల గురించి దాన్ని ప్రసంగించాం. ఆ రాత్రి అది మా గురించే అని తెలిసింది.

గత క్రిస్మసుకు మన సంఘంలోని ఇద్దరు అన్నదమ్ములను మేము మందిరంలో కౌగిలింపజేశాం. తండ్రి ప్రభువునందు నిద్రించాక పొలం గట్టు దగ్గర, బోరు నీళ్ళ దగ్గర వారికి మాటలు లేవు. మేము ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థించాం. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో కూడా గ్రూపులో పెట్టాం. ఈస్టరు తరువాత తమ్ముడు రావడం మానేశాడు. పని ఒత్తిడి అనుకున్నాం. అంతకంటే లోతుగా అడగలేదు. వారిద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాం.

శనివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాం. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయ్యగారూ, ఆ రోజు మీరు మా చేతులు కలిపారు. కానీ నన్ను ఒక్క మాట అడిగారా? నా మడికి మూడు వారాలు నీళ్ళు రాలేదు. అన్న మందిరం ప్రహరీకి సిమెంటు ఇచ్చాడు. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది నిజం. సిమెంటు ఇచ్చిన చెయ్యి నొచ్చుకుంటుందేమో అని మేము అసలు సంగతి తెరవలేదు. ప్రార్థనను పసుపులా పైన రాశాం. ప్రార్థనలో లోపం లేదు ప్రియులారా. చూడకుండా రాసిన మా చేతిలో లోపం ఉంది. మంచి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోయకముందు ఆ మనిషిని చూశాడు, దగ్గరకు వచ్చాడు. మేము ఆ రెండూ చెయ్యలేదు. అతని ఎదుట క్షమాపణ అడిగాం.

అన్న దగ్గరికి కూడా వెళ్ళాం. "మానిపోయినదాన్ని ఎందుకు కెలుకుతారు?" అని మా మీద కోపపడ్డాడు. మానలేదయ్యా, మేమే మూసేశాం అన్నాం. రెండోసారి వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చాడు. మూడోసారి, నీళ్ళ వంతుల గురించి తానే మాట ఎత్తాడు. గట్టు సంగతి సర్వేయరు వచ్చి కొలిచాక గాని తేలదు. అది తేలేవరకు ఇద్దరినీ మళ్ళీ వేదిక మీదికి పిలవము. డాక్టరు గారు కుట్టనట్టే, మేమూ తొందరపడి మూయము.

గత ఆదివారం తమ్ముడి భార్య, పిల్లలు ఆరాధనకు వచ్చారు. అతను లోపలికి రాలేదు. బయట వేపచెట్టు కింద మోటారు సైకిలు మీద కూర్చుని ప్రసంగమంతా విన్నాడు. మాకు అది చాలు, ఈ వారానికి.

సంసోను పుండు లోపలినుంచి ఎర్రగా, శుభ్రంగా పూడుకొస్తోంది. ఆ చోట వెంట్రుకలు వస్తాయో రావో తెలియదు. నిన్న రాత్రి మళ్ళీ బియ్యం గదిలో కాపలా పడుకుంది.

మీ హృదయాల్లో ఎక్కడైనా మేము తొందరపడి మూసిన పుండు ఉంటే, దయచేసి మాకు చెప్పండి. కబురు చేస్తే మేమే వస్తాం. గాయపడిన చేతులతో మనల్ని ముట్టే ప్రభువు, దాచిన గాయాలను కూడా ఓపికతో బాగుచేయును గాక. ఆమేన్.