అవ్వ మరిచిపోయిన పేరు

మా ఇంట్లో పాత కంప్యూటర్‌లో వెబ్‌ట్రీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి మా వంశవృక్షం రాస్తున్నాను. ఇంట్లోవాళ్లంతా ఫోన్‌లలో చూస్తారు. పేర్లు చెప్పేది మా అవ్వ. ఆమెకు ఎనభై దాటాయి. ఒక సాయంత్రం తన మేనత్తల పేర్లు వరుసగా చెప్పింది. సేవ్ నొక్కగానే డేటాబేస్ కనెక్షన్ కుదరలేదని ఎర్రర్ వచ్చింది. కాసేపటికి చూస్తే అన్నీ ఉన్నాయి, ఆ పేర్లు తప్ప. మళ్లీ అడిగితే అవ్వకు ఒక పేరు గుర్తుకు రాలేదు.

పాస్‌వర్డ్ తప్పేమో అనుకున్నాను. అదే అయితే ఎప్పుడూ తెరుచుకోకూడదు కదా! ఎర్రర్ వచ్చిన వేళలన్నీ రాసుకుని, లాగ్ ఫైల్‌తో పోల్చి చూశాను. ప్రతిసారీ ఎవరో కొత్త ఫోటోల పేజీ తెరిచారు. ఆ సాయంత్రం తెరిచింది మా చెల్లెలు. పెద్ద ఫోటోలను చిన్నవిగా చూపించడానికే ఉన్న 1 జీబీ మెమరీ అయిపోతోంది. అప్పుడు లినక్స్ డేటాబేస్‌ను ఆపేస్తోంది. కాసేపటికి అది మళ్లీ దానంతట అదే లేస్తోంది. అందుకే నాకు కారణం చిక్కలేదు.

ఫోటోలను చిన్నవి చేసి ఎక్కించాను. 1 జీబీ స్వాప్ కూడా పెట్టాను. ప్రతి ఆదివారం గెడ్‌కామ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటున్నాను. మూడు వారాలుగా ఎర్రర్ రాలేదు.

ఆ పేరు మాత్రం ఇంకా దొరకలేదు. ఇప్పుడు అవ్వ ఏం చెప్పినా ముందు నోటుబుక్కులో రాసుకుంటున్నాను.