నర్సు విద్యార్థిని తొలి వివరపత్రము



మన ద్వీపమునందు నర్సు విద్యలో చేరిన పిల్లలకు తొలి సంవత్సరముననే ఒక చిక్కు ఎదురగుచున్నది. సెలవులలో వృద్ధాశ్రమమున సహాయకులుగా పనిచేయవలెనన్నను, విద్యార్థి వేతనము కోరవలెనన్నను, "మీ సీవీ ఇండు" అని అధికారులు అడుగుదురు. సీవీ యనగా తన చదువును, పనిని, నేర్పును తెలుపు వివరపత్రము. ఇంకను ఉద్యోగమే చేయని పిల్ల తన పనిని గూర్చి ఏమి వ్రాయగలదు? కొందరు సిగ్గుపడి కాగితమును ఖాళీగా విడుతురు. కొందరు లేనిపోనివి చేర్చుదురు. ఈ రెండును తగవని నా అభిప్రాయము.

గత సంవత్సరము ఒక శనివారము పూజ ముగిసిన పిదప, నర్సు విద్య మొదటి సంవత్సరము చదువుచున్న ఒక బాలిక తల్లితో కూడ నాయొద్దకు వచ్చెను. ఆమె పత్రమున "దయగలదానను, ఓర్పుగలదానను, కష్టపడి పనిచేయుదును" అను మాటలు తప్ప వేరేమియు లేదు. తల్లి నాతో, "అయ్యగారూ, మా పిల్ల మూడేండ్లుగా గుడిలో సేవ చేయుచున్నదని మీరొక ఉత్తరము వ్రాసి ఇవ్వండి. వాళ్ళ నాన్నకు చెరకు కోత కాలమున తప్ప నిలుకడ పని లేదు. ఈ సెలవుల పని రాకున్న మాకు కష్టము" అనెను. ఆ యింటి కష్టము నాకు తెలియును. కాని ఆ బాలిక సేవకు వచ్చుట నేను చూచినది ఒక్క సంవత్సరమే.

"మూడని వ్రాసిన ఎవరికి నష్టము?" అని తల్లి అడిగెను.

నేను బాలికవైపు తిరిగి, "అమ్మా, ఆసుపత్రిలో రోగి నాడిని చూడకయే పట్టికలో 72 అని వ్రాయవచ్చునా?" అంటిని. "వ్రాయరాదు తాతగారూ. తరువాత వచ్చు నర్సు, డాక్టరు ఆ అంకెనే నమ్ముదురు" అని ఆమె బదులు చెప్పెను. "నీ సీవీయు అట్టి పట్టికయే తల్లీ" అంటిని. తల్లి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఒక్క ఏడని వ్రాసిన వారు తీసికొందురా?" అని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుచేత మువ్వురము కూర్చుండి, ఉన్న సత్యము ఎంత కలదో లెక్కించితిమి.

మొదట చదువు. ఎస్.సి., హెచ్.ఎస్.సి. పరీక్షలలో ఏ సంవత్సరమున ఉత్తీర్ణురాలైనదియు, ఇప్పటి కోర్సు ఎప్పుడు ముగియుననియు వ్రాసితిమి. తరువాత ఆసుపత్రి శిక్షణ. ఏ వార్డు, ఏ తేది మొదలు ఏ తేది వరకు, మొత్తము ఎన్ని గంటలు అనునవి చేర్చితిమి. ఆమె అచట ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపుపోటు కొలిచినది. మంచముననే రోగికి స్నానము చేయించినది. ఒరిపిడి పుండ్లు పడకుండ రోగిని ప్రక్కకు త్రిప్పినది. త్రాగిన నీటిని, పోయిన మూత్రమును కొలిచి పట్టిక నింపినది. ఇవి పర్యవేక్షణలో స్వయముగా చేసినవి. ఇంజెక్షను ఇచ్చుట, శస్త్రచికిత్స గాయమునకు కట్టు మార్చుట ఆమె చూచినవి మాత్రమే. చేసినవానిని, చూచినవానిని వేర్వేరుగా వ్రాయుమని గట్టిగా చెప్పితిని.

పిదప భాషలు. క్రియోలు, ఫ్రెంచి, ఇంగ్లీషు ధారాళముగా వచ్చును. భోజపురి, తెలుగు మాటాడగలదు. నొప్పితో నున్న ముదుసలి తనకు అలవాటైన భాషలో చెప్పుకొనగలిగిన, సగము భయము తీరును. అటుపిమ్మట ఇంటి పని. మధుమేహము గల నాయనమ్మ పాదములను ప్రతి రాత్రి చూచి, పుండు గాని పగులు గాని ఉన్నదేమో పరీక్షించుట ఆమెయే. ఆ వ్యాధి మన ద్వీపమున ఎందరి కాళ్ళను తీసికొన్నదో మనకు తెలియనిది కాదు. దానిని "ఇంట వృద్ధురాలి సంరక్షణ, 2 సంవత్సరములు" అని వ్రాసితిమి. అమ్మోరు పండుగనాడు ఎండలో నడచిన స్త్రీలకు నీరందించుట, ఆదివారములు మేనమామ కొట్టులో డబ్బు లెక్క చూచుట కూడ చేర్చితిమి. పుట నిండెను. తల్లి ముఖమున నవ్వు కానవచ్చెను.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1860 లో ఫ్లారెన్సు నైటింగేలు పేర లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాల స్థాపించినప్పుడు, ప్రతి విద్యార్థినికిని నెలకొక పట్టిక యుండెడిది. అందు సమయపాలన, నమ్మకము, శుభ్రత వంటి గుణములు ఒకవైపును, నేర్చిన పనులు వేరొకవైపును పై అధికారిణులు గుర్తించెడివారు. గుణమును నిర్ణయించునది చూచినవారు. కనుక "దయగలదానను" అని తానే వ్రాసికొనుటకంటె, తనను చూచినవారి పేరును, వారి అనుమతితో, పత్రము చివర నిచ్చుట మేలు.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. నర్సింగ్ కౌన్సిలులో నమోదు కాకముందు "నర్సు" అని వ్రాయరాదు. "నర్సు విద్యార్థిని" అనియే వ్రాయవలెను. రోగి పేరు గాని, ఆనవాలు గాని ఎచటను రారాదు. సెయింట్ జాన్ ఆంబులెన్సు, రెడ్‌క్రాసు వంటివారియొద్ద ప్రథమ చికిత్స నేర్చినయెడల, సర్టిఫికెటు తేదియు, గడువును తెలుపవలెను. తొలి ఏట ఒక్క పుట చాలును.

ఆత్మస్తుతి కూడదని మనకు పెద్దలు నేర్పిరి. అందుచేతనే మన పిల్లలు తమ పనిని చెప్పుకొనుటకు జంకుదురు. కాని చేసిన పనిని తేదితో, గంటలతో చెప్పుట సాక్ష్యమగును. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందు మన పూర్వుల వలస రిజిస్టరులు భద్రపరుపబడియున్నవి. మా వంశీయుని వరుసలో సంఖ్య, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, శరీరముపైని మచ్చ కలవు. ఆయన చేతులకు ఏ పని తెలియునో అందు లేదు. దానిని వ్రాసినవారు పరులు. నేడు మన పిల్లలకు తమ పత్రమును తామే వ్రాసికొను భాగ్యము కలిగినది. దానిని అబద్ధముతో నింపుటయు, ఖాళీగా విడుచుటయు ఆ భాగ్యమును పోగొట్టుకొనుటయే.

నేను ఆ బాలికకు ఒక్క సంవత్సరమని, చూచినంతయే వ్రాసి యిచ్చితిని. కొన్ని దినములకు వృద్ధాశ్రమ అధికారిణి నాకు ఫోను చేసి ప్రశ్నలడిగినప్పుడు, తడుముకొనక బదులు చెప్పగలిగితిని. ఆ సెలవులలో బాలిక అచటనే పనిచేసినది.

మీ యింట ఇట్టి విద్యార్థులున్నయెడల, వారు చేసిన పనిని నేటినుండియే ఒక చిన్న పుస్తకమున తేదివారీగా వ్రాసికొనుమని చెప్పుడు. ఉత్తరము కావలసినవారు శనివారము పూజానంతరము రండు. శ్రీ సింహాద్రి అప్పన్న మన బిడ్డల చేతులకు నేర్పును, మాటకు నమ్మకమును ప్రసాదించుగాక.