అంగలకుదురునుండి కొండపల్లికి

తెనాలి చెంతనున్న అంగలకుదురు సోదరీమణులు తెనాలిలో రైలెక్కి, విజయవాడ మీదుగా కొండపల్లి చేరవచ్చును. మన సంక్రాంతి కొలువులలోని దశావతారములు, అంబారీ యేనుగులు, తాడిచెట్టెక్కు గీతగాడు ఇచ్చటి పనివారి చేతులలో పుట్టినవే.

వీరు తేలికయైన తెల్లపొణికి కొయ్యను సన్నని సెగపై కాచి తడి తీయుదురు. తల, చేతులు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. అతుకు లాఱిన పిదప ఆకురాతితో నునుపుచేసి, సున్నము పూసి, రంగులు దిద్దుదురు. ఈ రంగుల పనిలో స్త్రీల పాలు మెండు.

కాని సమీపారణ్యములలో పొణికి చెట్లు తఱిగిపోవుచున్నవి. మొక్కలు నాటిననే కొయ్య దొరకును. కూలి గిట్టిననే పనివారి బిడ్డలు ఉలి పట్టుదురు. కావున కొలువునకు ఏటేటా ఒక్క బొమ్మనైనను పనివారివద్దనే కొనుడు.