దేవుడు లేని పండుగ: ఒక యిద్దిష్ శిబిరం కథ

దేవుణ్ణి తీసేస్తే పండుగలో ఏం మిగులుతుంది? సంక్రాంతి దగ్గరపడేసరికి మన హేతువాద మిత్రుల మధ్య ఈ ప్రశ్న తప్పక వస్తుంది. "ముగ్గులూ పిండివంటలూ అని మొదలుపెడితే వెనకాలే పూజా వచ్చేస్తుంది" అని కొందరంటారు. "ఏమీ చెయ్యకపోతే పిల్లలు పక్కింటి పూజకి వెళతారు" అని ఇంకొందరు. ఇంట్లో పదేళ్ళ కూతురుంది కాబట్టి, నేను దీన్ని వాదన కోసం వాదనగా చూడలేను.

ఈ ప్రయోగం మనకంటే ముందే చేసి చూసినవాళ్ళున్నారు. తూర్పు యూరప్ నుంచి అమెరికాకి వలసవెళ్ళిన యూదుల్లో చాలామంది మతాన్ని వదిలేశారు గాని యిద్దిష్ భాషనీ పాటల్నీ కథల్నీ వదల్లేదు. అలాంటివాళ్ళు రచయిత షోలెం అలైఖెం పేరిట ఒక సంస్థ పెట్టుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రైన్‌బెక్‌లో, చెరువు పక్కన, పిల్లలకి వేసవి శిబిరం నడిపారు. దాని పేరు బోయ్‌బెరిక్. అలైఖెం కథల్లో వచ్చే ఊరి పేరే అది. లైబుష్ లెహ్రర్ అనే విద్యావేత్త దశాబ్దాలపాటు దాన్ని నడిపించాడు.

నగరం పిల్లలు అక్కడ చెట్లమధ్య కేబిన్లలో ఉంటూ యిద్దిష్‌లో పాడేవారు, నాటకాలు వేసేవారు. శుక్రవారం సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని అంతా కలిసి భోంచేసేవారు. సీజను చివర ‘ఫెల్కెర్ యంతెఫ్’, అంటే జాతుల పండుగ. ఒక్కో జట్టు ఒక్కో దేశపు ఆటపాటలు ప్రదర్శించేది. యూదుల పండుగలో ప్రపంచమంతటికీ చోటుండేదన్నమాట.

1979లో ఆ శిబిరం మూతపడింది. 1980ల మొదట్లో ఆ స్థలం ఒమేగా ఇన్‌స్టిట్యూట్ చేతికి వెళ్ళింది. ఇప్పుడక్కడ యోగా, ధ్యానం, ‘హోలిస్టిక్’ తరగతులు! మన ఆస్తిక మిత్రులు ఇది వింటే ఒక్క క్షణం ఆగరు. "చూశారా, దేవుణ్ణి పంపించేస్తే బాబాలొచ్చారు" అంటారు. పైగా, ఈరోజు యిద్దిష్ ఇంటిభాషగా పెరుగుతున్న పిల్లలు ఎక్కువగా ఉన్నది హసీదీ మత సమాజాల్లోనే. ఇది నిజం. మనకి నచ్చదని దాచిపెడితే మనం హేతువాదులం కాము.

అయితే కారణం భక్తేనా? పరీక్షించి చూద్దాం. అమెరికాలో హసీదీలు కాని సనాతన యూదులు చాలామంది ఉన్నారు. భక్తిలో వాళ్ళేం తక్కువ తినలేదు. అయినా వాళ్ళ ఇళ్ళలో యిద్దిష్ పోయి ఇంగ్లీషు వచ్చింది. అంటే భాషని నిలబెట్టడానికి నమ్మకమొక్కటే చాలదు. హసీదీలకి సొంత బడులున్నాయి, సొంత వీధులున్నాయి, పెళ్ళిళ్ళు తమలో తామే. వాళ్ళ భాషని కాపాడుతున్నది ఆ రోజువారీ వాడకమే. ఇంకో సంగతి మరిచిపోకూడదు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు చంపిన 60 లక్షలమంది యూదుల్లో అత్యధికులు యిద్దిష్ మాట్లాడేవాళ్ళు. ఆ శిబిరానికి వేళ్ళున్న నేలే లేకుండా పోయింది.

కథ అక్కడితో ముగియలేదు. 1996లో కెనడాలో, మాంట్రియల్‌కి ఉత్తరాన లారెన్షియన్ కొండల్లో ‘క్లెజ్‌కెనడా’ మొదలైంది. వేసవి చివర సంగీతకారులు, ముసలివాళ్ళు, పిల్లలు ఒక శిబిరంలో చేరి క్లెజ్మర్ వాయిస్తారు, యిద్దిష్ నేర్చుకుంటారు, రాత్రిళ్ళు నాట్యం చేస్తారు. అక్కడికి భక్తులూ వస్తారు, నాస్తికులూ వస్తారు. వయొలిన్ పట్టుకోవడానికి ఎవరూ ముందు దేవుడి మీద ప్రమాణం చెయ్యక్కర్లేదు.

నాకర్థమైంది ఇది. పండుగ నడవడానికి దేవుడు అవసరం లేదు. కాని ఏడాదికొకసారి చేసే పండుగ భాషని బతికించలేదు. వేసవంతా యిద్దిష్ పాటలు పాడి, మిగతా నెలలన్నీ ఇంగ్లీషులో బతికిన పిల్లలకి చివరికి మిగిలింది పాటలే.

అందుకే ఈ సంక్రాంతికి నాలుగు కుటుంబాలం కలిసి ఒక మామిడితోటలో గుడారాలు వేసుకోబోతున్నాం. భోగిమంట, అరిసెలు, వేమన పద్యాలు, రాత్రి నక్షత్రాలు చూడటం ఉంటాయి. పూజ ఉండదు. అది మూడు రోజుల పని. మిగతా 362 రోజులూ ఇంట్లో పిల్లలతో తెలుగులో మాట్లాడటం, తెలుగు పుస్తకం చదివించడం అంతకంటే కష్టమైన పని. ఆ పనిని ఏ దేవుడూ మన బదులు చెయ్యడు.