రిపోర్టులో రెండో పేజీ

కాన్సరు అనగానే మన ఇళ్లలో "గడ్డ ఎంతుంది?" అని అడుగుతాము. దాని అల్లిక ఎటువంటిదో అడగము. ఊపిరితిత్తిలో వచ్చే ఎడినోకార్సినోమా కణాలు గాలి గదుల గోడలనంటి పాకితే లెపిడిక్. అది చాలావరకు నెమ్మదైనది. చిన్న గుత్తులుగా విడిపోతే మైక్రోపాపిల్లరీ, గట్టి ముద్దగా కడితే సాలిడ్. ఇవి లింఫు గ్రంథులకు త్వరగా పాకుతాయి, ఆపరేషను తరువాత తిరగబెట్టే భయమూ ఎక్కువే. 2020లో ప్రకటించిన అంతర్జాతీయ పద్ధతి ప్రకారం ఇటువంటి అల్లిక 20 శాతం ఉంటే చివరిదైన మూడవ గ్రేడే.

ముక్తేశ్వరంలో మా పిన్ని ఏనాడూ చుట్ట ముట్టలేదు. గడ్డ చిన్నదే, తీసేశారు, గ్రంథులకు పాకలేదు. "ఇంక పరీక్షలెందుకే? గోదావరి దాటి ఎన్నిసార్లు తిరగను?" అంది. రెండో పేజీలో మైక్రోపాపిల్లరీ 25 శాతమని ఉంది. చెప్పొద్దన్నాడు తమ్ముడు. ఒంటిది ఆమెది, రిపోర్టూ ఆమెదే కదా! చదివి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "స్కాను ఎప్పుడన్నారు?" అంటూ గోడమీది కేలండరు దింపింది.