బావి కనపడని సినిమా

లవ్‌క్రాఫ్ట్ 1927 నాటి కథ 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'ను మా గదిలో నలుగురం వంతులవారీగా చదువుకున్నాం. ఉల్క పడ్డ పొలంలో పళ్లు పెద్దపెద్దవి కాస్తాయి. నోట పెడితే చేదు. బావినీళ్లు చెడతాయి. పైరు బూడిదరంగుకు తిరిగి రాలిపోతుంది. రైతు నాహమ్ ఇంటిల్లిపాదీ ఒక్కొక్కరే పోతున్నా ఇల్లు కదలలేరు. కూలికెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన మాకు ఆ భయం కొత్తేమీ కాదు.

తర్వాత ఆ కథతో 1965లో తీసిన 'డై, మాన్‌స్టర్, డై!' చూశాం. రైతు మాయం! పెద్ద బంగళా, చక్రాల కుర్చీలో బోరిస్ కార్లాఫ్. ఎవరూ ఎరుగని ఆ రంగు కాస్తా ఆకుపచ్చ వెలుగైంది. డబ్బుల్లేక రంగు కుదరలేదంటే ఒప్పుకుంటాం (ఉన్నా కుదరదేమో). కానీ ఎండిన చేను, చెడిన బావి చూపడానికి ఎంత ఖర్చవుతుంది? బంగళా కన్నా చవకే కదా! సినిమా అయ్యాక మాలో ఎవరం భయపడలేదు. కథ చదివిన రాత్రి మాత్రం ఒకడు ఇంటికి ఫోన్ చేసి, బోరునీళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు.