మూసీ ఒడ్డున పాటల సిపాయి

విజయవాడ నుంచి హైదరాబాదు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కోదాడ రాగానే కునుకు తీయకండి. టీ కొట్లు, లారీలు తప్ప ఏముందంటారా? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో అడుగుపెట్టిన దారుల్లో ఇదొకటి. సైన్యం కోదాడ, మునగాల దాటి సూర్యాపేట వైపు వస్తుంటే, వెనక్కు తగ్గుతున్న నిజాం దళాలు మూసీ వంతెనను కూల్చేశాయి. ఇప్పుడు బస్సు ఆ నదిని నిమిషంలో దాటేస్తుంది.

అంతకు రెండేళ్ల ముందే, 1946లో, ఈ పల్లెల్లో దొరల మీద రైతుల పోరు రాజుకుంది. 1951 దాకా సాగింది.

అమెరికా అంతర్యుద్ధంలో రాబర్ట్ స్నెడెన్ అనే సిపాయి తాను చూసిన యుద్ధాన్ని, తాను మగ్గిన చెరను బొమ్మలుగా గీశాడు. మరి మన పోరును అలా కళ్లకు కట్టించిన సిపాయి ఎవరు? నాకు తోచిన పేరు మల్లు స్వరాజ్యం. ఆమె కుంచె పట్టలేదు, పాట పట్టారు.

సూర్యాపేట జిల్లా కరివిరాల కొత్తగూడెంలో 1931లో భూస్వాముల ఇంట పుట్టారామె. గోర్కీ ‘అమ్మ’ ఆమెను కదిలించింది. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే వెట్టివాళ్లకు తమ ఇంటి ధాన్యం పంచారు. ఉయ్యాల పాట వరసలోనే వెట్టి బాధలు, దొరల జులుం కూర్చి పాడేవారు. చదువురాని తల్లులకు ఆ పాటే బొమ్మ. అందులో తమ బతుకే కనిపించేది. తరువాత తుపాకి పట్టి దళం నడిపారు. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. కాగితం మీది బొమ్మయితే సోదాలో దొరుకుతుంది. పాటను సోదా చేసే పోలీసు ఇంకా పుట్టలేదు!

సూర్యాపేటలో బస్సు మారి మిర్యాలగూడ వెళ్లాను. సాగర్ ఎడమ కాలువ చలువతో ఎటు చూసినా వరి, ఊరి నిండా బియ్యం మిల్లులు. ఆ పక్కనే వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. నాడు వంతెన కూలిన నీరు ఇక్కడ ఎంత నెమ్మదిగా ఉందో!

స్నెడెన్ బొమ్మలు బ్యాంకు లాకరులో భద్రంగా ఉండి 1994లో బయటపడ్డాయి. పాటకు లాకరు లేదు, గొంతే దాని ఇల్లు. స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. మీ ఇంట్లో ఆ పాటలు విన్న అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే, ఈ బతుకమ్మకు పిల్లల్ని ఆమె పక్కన కూర్చోబెట్టండి. ఒక్క పాటయినా నేర్చుకోనివ్వండి.